గాలి తిత్తులూ గోగునారా

నేను జర్మనీ కారు ఇంజను మొత్తం విప్పి, వాకిట్లో చాప పరిచి దాని మీద వరసగా పేర్చి, తుడిచి, మళ్ళీ బిగించాను. ఒక్క బోల్టు మిగల్లేదు.

ఈ మాట చాలామందికి చెప్పాను. టీకొట్టు దగ్గర చెప్పాను, పింఛను వరసలో నిలబడి చెప్పాను, పళ్ళ డాక్టరు నా నోట్లో ఇనుము పెట్టి ఉండగా కూడా చెప్పబోయాను. కాగితం మీద పెట్టేటప్పుడు మాత్రం ఎందుకో కలం మొరాయిస్తుంది. అంచేత నిజం రాస్తాను. నేను విప్పింది ఇంజను కాదు. ఇంజను మీద ఉండే నల్ల ప్లాస్టిక్ మూత. దానికి బోల్టులే ఉండవు, పట్టుకు లాగితే వచ్చేస్తుంది. తిరిగి పెట్టినప్పుడు ఒక మూల పట్టలేదు. ఇప్పటికీ పట్టలేదు.

ఆ కారు నన్ను పెట్టిన అవస్థ మాత్రం అబద్ధం కాదు.

నేను నెల్లిమర్ల జూట్ మిల్లులో నూలు వడికే విభాగంలో సూపర్వైజరుగా చేసి, రిటైరై, విజయనగరంలో ఉంటున్నవాణ్ణి. నాలాంటివాడికి మంత్రులు తిరిగేలాంటి కారెందుకు? మా ఆవిడ మోకాళ్ళ కోసం.

మా ఆవిడ వయొలిన్ వాయిస్తుంది. చిన్నప్పుడు శ్రీకాకుళంలో, నాగావళి ఒడ్డు సందులో ఉండే ఒక మేస్టారి దగ్గర నేర్చుకుంది. ఆయన పోయి చాలాకాలమైంది. ఏటా ఆయన తిథినాడు శిష్యులంతా ఆ ఇంటి హాల్లోనే చేరి, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తలా ఒక కీర్తన వాయిస్తారు. దానికి ఆయన బతికుండగా పెట్టిన పద్ధతి ఒకటుంది. వయసు కాదు, పేరు కాదు, ముందు ఎవరు చేరారో వాళ్ళు ముందు వాయించాలి. మిగిలున్నవాళ్ళలో అందరికన్నా ముందు చేరింది మా ఆవిడ. ఆవిడ కమాను తీగ మీద పెట్టేదాకా మిగతావాళ్ళు ఒళ్ళో చేతులు పెట్టుకు కూర్చోవలసిందే. ఇంట్లో నా మాటకే విలువివ్వని మనిషికి ఊరుగాని ఊళ్ళో ఎంత మర్యాదో చూడండి.

మోకాళ్ళు ఆ మర్యాదకి అడ్డం పడ్డాయి. బస్సు మెట్టు ఎక్కలేదు. రైల్లో వెళ్తే స్టేషన్లో వంతెన ఎక్కి దిగాలి. అద్దె కారు మాట్లాడలేదా అంటారేమో, మాట్లాడాను. చిన్న కార్లలో కాళ్ళు ముడుచుకోవాలి. ముడిస్తే మళ్ళీ విప్పడానికి ఇద్దరు మనుషులు కావాలి. పెద్ద జీపులాంటివాటికి నిచ్చెన కావాలి. అలా రెండేళ్ళు వెళ్ళలేకపోయింది. ఆవిడ తరవాత చేరిన శిష్యురాలు మొదలెట్టింది. మా ఆవిడ ఆ రోజు సాయంత్రం పెట్టెలోంచి వయొలిన్ తీసి, శ్రుతి చేసి, వాయించకుండా మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. రెండేళ్ళూ అంతే.

హుద్‌హుద్ తుపాను వచ్చిన రెండేళ్ళకి, విశాఖపట్నంలో ఒక పెద్దమనిషి పాత కారు అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాను. నల్లగా, పొడుగ్గా, వెనక సీట్లో కాళ్ళు చాపుకుంటే ముందు సీటు ఇంకా దూరంగా ఉండేంత కారు. నా మాట తీరుకి ముచ్చటపడి ఆయన తక్కువకే ఇచ్చేశాడని అందరికీ చెప్పాను. నిజానికి ఆయన నన్ను రెండో మాట మాట్లాడనివ్వలేదు. తాళాలు నా చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి పోయి తలుపేసుకున్నాడు. అప్పుడే అర్థం చేసుకోవలసింది.

ఆ బండికి వెనక చక్రాల దగ్గర మామూలు స్ప్రింగులుండవు. వాటి బదులు రెండు రబ్బరు తిత్తులు, కమ్మరి కొలిమి తిత్తుల్లాంటివి. డిక్కీ అడుగున ఉన్న చిన్న కంప్రెసరు వాటిలోకి గాలి కొడుతుంది. తాళం తిప్పగానే బండి వెనక భాగం, పెద్దలొస్తే కుర్చీలోంచి లేచినట్టు, మర్యాదగా పైకి లేచేది. గాలి ఉన్నంతసేపు అది పల్లకీ. మా ఆవిణ్ణి కూర్చోబెట్టి కోట చుట్టూ తిప్పాను. "బాగుంది" అంది. ఆవిడ నోట ఆ మాట నా గురించి ఎప్పుడూ రాలేదు.

తెల్లారి వాకిట్లోకొచ్చి చూద్దునుకదా, బండి వెనక భాగం నేలకి ఆనుకుని ఉంది. చక్రాలు సగం లోపలికి దాక్కున్నాయి. మీటర్ల మధ్య పసుప్పచ్చ దీపం వెలిగి, నాకు రాని భాషలో ఏదో తిడుతోంది.

కంపెనీ వాళ్ళకి ఫోను చేస్తే, తిత్తులు పరదేశం నించి రావాలన్నారు. వాళ్ళు చెప్పిన ధర విని, రాంగ్ నంబరని చెప్పి పెట్టేశాను. ఫోన్లలో వీడియోలు అందరికీ చవగ్గా దొరకడం మొదలైన రోజులవి. ఎవడో తెల్లవాడు, చేతికి మరక కాకుండా, నవ్వుతూ, అలాంటి బండినే విప్పి బిగించేస్తున్నాడు. వాడు చేయగా లేంది నేను చేయలేనా అనుకున్నాను. ఈ వాక్యం రాస్తుంటే నా నడుం ఇంకా నొప్పెడుతోంది.

నాకు సాయం మా బావమరిది. మా ఆవిడకి తమ్ముడు. రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరై కొత్తవలసలో స్థిరపడ్డాడు. పొద్దున్న పాసింజరుకి వచ్చి సాయంత్రం బండికి వెళ్ళిపోతుండేవాడు. వాడి దృష్టిలో ప్రపంచంలో ఉన్న వాహనాలన్నీ చిన్నవో పెద్దవో వేగన్లే.

"ఏటి బావా, మల్లీ కూకుండిపోనాదేటి?"

"కూర్చోలేదురా. విశ్రాంతి తీసుకుంటోంది."

"ఈనబోయే గేదినాగున్నాది. గాలి పోతన్నాది బావా. గాలి సంగతి నాకొగ్గీ. మైలు పొడుగు గూడ్సుకి ఈ సివర నిలబడి ఆ సివర బ్రేకుల గాలి సూసినోణ్ణి."

"గూడ్సులో మీ అక్క కూర్చుని శ్రీకాకుళం వెళ్ళదు."

"ఎల్తే బాగున్ను. ఈపాటికి రెండుసార్లు ఎల్లొచ్చును."

బకెట్లో సబ్బు కలిపి, ఆ నురగ గొట్టాల పొడుగునా పూశాం. బుడగలొచ్చిన చోట గాలి పోతున్నట్టు. ఇత్తడి జాయింటు దగ్గర చిన్న బుడగలు కనిపించాయి. తిత్తి ముడత దగ్గర కూడా ఒకటి లేచిందని మా బావమరిది అన్నాడు. నేను తల వంచి చూడలేక, "అది ఉత్త నురగరా" అని కొట్టిపారేశాను. అసలు చిల్లు అక్కడే ఉందని తరవాత తేలింది. అప్పటికి జాయింటు బిగించాం, బండి లేచింది, ఒక పూట నిలబడింది. ఊరంతా చెప్పుకున్నాను.

అక్కడితో ఊరుకోవలసింది. ఊరుకోలేదు. బండికి కొత్త హంగులు చేద్దామనిపించింది. మేస్టారి పాత కేసెట్లు ఎవరో ఫోన్లోకి ఎక్కించి పంపితే, దారి పొడుగునా మా ఆవిడకి వినిపిద్దామని కొత్త పాటల పెట్టె తెచ్చి బిగించాను. ఎలక్ట్రీషియను అవసరం లేకుండా వైర్లు నేనే కలిపాను. పాట బ్రహ్మాండంగా వచ్చింది. ఒకటే చిక్కు. బ్రేకు తొక్కితే పాట ఆగిపోయేది, కాలు తీస్తే మళ్ళీ వచ్చేది. విజయనగరం సందుల్లో బ్రేకు తొక్కకుండా ఎంత దూరం పోగలం?

"మేస్టారు బతికుండగా ఆయన పాటకి అడ్డం చెప్పినవాడు లేడు," అంది మా ఆవిడ వెనక సీట్లోంచి. "మీ కాలు చెప్పింది."

ఆ వైరు ఎక్కడ తప్పు కలిసిందో వెతకడానికి డాష్‌బోర్డు విప్పాను. ఏసీ ఆగిపోయింది. ఏసీ కోసం ఇంకోటి విప్పితే ఎడమ అద్దం దిగి, మళ్ళీ పైకి రాలేదు. ఇక చాలని అన్నీ మూసేశాను. ఆ అద్దానికి ఇప్పటికీ ప్లాస్టిక్ కాగితమే.

ఆ ఏడు మేస్టారి తిథికి బయలుదేరాం. మా ఆవిడ పట్టుచీర కట్టుకుంది, ఒళ్ళో వయొలిన్ పెట్టె. మా బావమరిది ముందు సీట్లో. నాతవలస దగ్గర హైవే ఎక్కేదాకా రాజాలా వెళ్ళాం. రణస్థలంలో టీ తాగుదామని ఆపాను. అదీ నా తప్పే; ఇంజను ఆపితే కంప్రెసరూ ఆగుతుందని వాడు వద్దన్నాడు. టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో, వెనక నించి ముసలాడు నిట్టూర్చినట్టు చప్పుడు.

"ఏమండీ," అంది మా ఆవిడ లోపల్నించి, "నేల పైకొస్తోందేటి?"

నేల రావడం లేదు. ఆవిడే దిగుతోంది. సీటు కిందకి పోయి, మోకాళ్ళు గడ్డం దగ్గరికొచ్చాయి. నేనో చెయ్యి, తమ్ముడో చెయ్యి పట్టి లాగాం. రాలేదు. టీకొట్టు ఆవిడ గరిటె కింద పెట్టి వచ్చి, వెనక నించి భుజాలకింద చేతులేసి, "నెగు తల్లీ, నెగు" అంటూ ఎత్తింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. పట్టుచీర నలిగి, జుట్టు రేగి, బండి పక్కన నిలబడ్డ మా ఆవిడ శ్రీకాకుళం వైపు చూడలేదు. ఇంటి వైపే చూసింది.

"అక్కడ ఆ సందులో అందరి ముందూ ఇలా లాగించుకోలేను. ఇంటికి పోదాం. పోన్లెండి."

తిడితే బాగుండును. ముప్పయ్యేళ్ళు మిల్లులో తిట్లు తిని బతికినవాణ్ణి, తిట్టు నాకు లెక్కలేదు. ఆ "పోన్లెండి" మాత్రం ఏడాదంతా గొంతులో అడ్డంపడ్డ ముల్లులా ఉండిపోయింది.

మళ్ళీ ఏడు తిథి దగ్గరపడుతుంటే నేను అసలు మందు ప్రయోగించాను. గోగునార.

మా మిల్లులో గోనెసంచులకి వడికే నారే అది. దాని మహిమ మా మిల్లు వాళ్ళకి తప్ప తెలీదు. మా దగ్గర పనిచేసినవాడెవడి ఇంటికైనా వెళ్ళి చూడండి. కుళాయి జాయింటుకి గోగునార, కుర్చీ కాలు ఊగితే గోగునార, కిటికీ సందుకి గోగునార. ప్లంబర్లు తెల్ల టేపు చుడుతుంటే మేం పక్కకి తిరిగి నవ్వుకుంటాం. చేత్తో పోగు తీసి, తొడమీద పురిపెట్టి, తెల్ల పెయింటులో ముంచి మరల మీద చుట్టి బిగిస్తే, ఆ జాయింటు మనిషి కన్నా ఎక్కువకాలం బతుకుతుంది. మా ఇంటి కుళాయిలు అలా బిగించినవే, చుక్క కారదు.

అంచేత గాలి గొట్టాల జాయింట్లన్నీ విప్పి, ఒక్కోదానికీ శ్రద్ధగా నార చుట్టాను. మా బావమరిది పక్కన కూర్చుని చూశాడు.

"బావా, గాలికి నారేటి?"

"నీళ్ళనే ఆపింది, గాలి ఒక లెక్కా?"

"నాకేటో నమ్మకం సాల్నేదు."

"ఒరే, ఇంగ్లీషువాళ్ళ కాలం నించీ మా మిల్లు స్టీమంతా ఈ నార మీద నడిచిందిరా."

స్టీము సంగతి నాకు తెలీదు. బాయిలరు దగ్గరికి నన్నెప్పుడూ రానివ్వలేదు.

బండి లేచింది. నిలబడింది. మర్నాడు కూడా నిలబడింది. నేను మీసం దువ్వుకుంటూ వాకిట్లో పచార్లు చేశాను. మా ఆవిడ మాత్రం వంటింట్లోంచి చెవి ఇటు పెట్టి, "ఆ కంప్రెసరు ఇంతకుముందు పంచమంలో మోగేది. ఇవాళ మధ్యమానికి దిగింది. అదీ వణుకుతోంది. ఊపిరాడక పాడుతున్నట్టుంది, చూడండి," అంది.

"కారుకి శ్రుతేమిటే, నీ పిచ్చి గాని."

ఆ వారం తిరక్కుండానే కంప్రెసరు గాంధారం దాకా దిగి, కాలిన వాసన వేసి, శాశ్వతంగా ఊరుకుంది. విప్పి చూస్తే లోపల నార పీచులు, ఎండిన పెయింటు పొక్కులు. అప్పుడు, కాళ్ళు చాపుకుని వాకిట్లో కూలబడ్డాక, బుర్ర వెలిగింది. గోగునార జాయింటుని ఎందుకు ఆపుతుంది? నీళ్ళు తగిలి ఉబ్బుతుంది కాబట్టి. ఉబ్బి సందు పూడుస్తుంది. ఈ గొట్టాల్లో నీళ్ళెక్కడివి? గాలిలో ఉన్న కాస్త తడినీ పీల్చేయడానికి ఆ జర్మనీవాడు లోపల మందుగుళికలు కూడా పెట్టాడు. పొడిగాలికి నార ఎండి, విరిగి, పీచు పీచుగా రాలి లోపలికి పోయింది. జీవితమంతా నారతో బతికిన మనిషికి ఆ మాత్రం తోచకపోవడం! చేతిలో ఉన్న పానా తీసి బండి మీదకి విసిరాను. తగల్లేదు. గోడకి తగిలి నా కాలి మీదే పడింది.

అలా కాలు పట్టుకుని కూర్చునుండగా కిటికీలోంచి మా ఆవిడ గొంతు వినబడింది. శ్రీకాకుళంలో ఉన్న ఆ రెండో శిష్యురాలితో ఫోన్లో మాట్లాడుతోంది.

"ఈసారీ నువ్వే మొదలెట్టు తల్లీ. లేదు, లేదు, మా ఆయన చేస్తూనే ఉన్నారు పాపం... బండి బాగవదులే. నువ్వు మొదలెట్టేటప్పుడు ఫోను పక్కన పెట్టి ఉంచు, నేనిక్కణ్ణించి వింటాను. వచ్చే ఏడా? వచ్చే ఏటికి కూర్చుని వాయించగలనో లేదో. ఇప్పుడే వేళ్ళు కూడా బిగుసుకుంటున్నాయి."

వేళ్ళ సంగతి నాతో ఎప్పుడూ చెప్పలేదు.

మర్నాడు బావమరిది వచ్చాక ఆ మాట చెప్పాను. వాడు చేతిలో ఉన్న బీడీ వెలిగించకుండానే పారేశాడు.

"అక్క అలాగన్నాదా?"

"అంది."

"అయితే ఈ తిత్తులు పీకి అవతల పారెయ్ బావా. గాలీ వద్దు, గీలీ వద్దు."

"పారేసి?"

"ముందు పీకు. తరవాత సూద్దాం."

ఇదీ మా ఇంజినీరింగు. జాకీ పెట్టి బండి లేపి, వాడు తన గోనెసంచిలోంచి చెక్క దిమ్మలు తీశాడు. ఆగిన వేగన్లు దొర్లిపోకుండా చక్రాల కింద పెట్టేలాంటివి. అవి ఇరుసు పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చి, బండిని వాటి మీదకి దింపి, తిత్తులు ఊడబీకాం. ఊడబీకాం అని తేలిగ్గా రాశాను. ఒక బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయి మా ఇద్దరి బలాన్నీ ఎగతాళి చేసింది. పానా జారి నా వేలి గోరు లేచింది, వాడి నుదురు బండికి కొట్టుకుంది. ఒకరి తప్పని ఒకరం అరుచుకున్నాం. తమ్ముడి వరసైనవాడి మీద అరవకూడదు గాని బావమరిది మీద అరవచ్చునని శాస్త్రం. ఆ శాస్త్రం నేను రాసిందే.

అరుపులు విని మా ఆవిడ కాఫీ తెచ్చింది. గ్లాసులు మాకిచ్చి, నిలబడలేక, తెరిచి ఉన్న వెనక తలుపు పట్టుకుని సీటు అంచు మీద కూర్చుంది. నేను కాఫీ మీద ఉన్నాను. తాగి తలెత్తేసరికి, ఆవిడ లేచి నిలబడి ఉంది.

"నిన్నెవరు లేపారు?" అన్నాను.

"ఎవరూ లేపలేదు. లేచాను."

"మళ్ళీ కూర్చో."

కూర్చుంది. కర్ర నేలకి ఆనించి, మళ్ళీ లేచింది. పీట మీద నించి లేచినట్టు కాదు, కుర్చీలోంచి లేచినట్టు లేచింది.

"ఈ ఎత్తయితే బాగుంది," అంది. "మెత్తదనం నాకెందుకండీ? నేను మెత్తగా కావాలని ఎప్పుడన్నాను? లేవగలిగేలా ఉండాలన్నాను."

రెండేళ్ళ నించీ నేను పల్లకీ మరమ్మతు చేస్తున్నాను. ఆవిడ అడిగింది కుర్చీ. మా బావమరిది నా మొహం చూసి నవ్వాపుకోలేక బండి కిందకి దూరిపోయాడు. నేను అప్పటికప్పుడు సుద్దముక్క తెప్పించి, ఆవిడ చేతికర్ర సీటు పక్కన నిలబెట్టి, సీటు ఎత్తుకి కర్ర మీద గీత గీశాను.

విశాఖపట్నంలో పాత సామాన్ల బజారుకి ఇద్దరం వెళ్ళి, ఆ తిత్తుల చోట పట్టే ఉక్కు స్ప్రింగులు వెతికాం. తిత్తిని సంచిలో పెట్టుకుని, ప్రతి కొట్టులోనూ బయటికి తీసి కొలిచాం. చివరికి దొరికిన జత ఏ బండిదో అమ్మినవాడికీ తెలీదు. "లారీది కాదు గదా?" అంటే, "కాదు గాని, లారీ ఎత్తుద్ది" అన్నాడు. తెచ్చి బిగించి, దిమ్మలు తీసి చూస్తే, బండి వెనక భాగం ఆకాశంలో ఉంది. ముందు భాగం నేల వాసన చూస్తోంది. కర్ర పెట్టి చూస్తే సుద్దగీత ఎక్కడో కింద ఉండిపోయింది.

"ఇప్పుడు నిచ్చెన గావాల," అన్నాడు బావమరిది.

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే. ఇది పెంచి రాయడం లేదు. తెల్లారితే తిథి.

వాడు కాసేపు బండి చుట్టూ తిరిగాడు. "లోడు నేని వేగను ఎప్పుడూ ఇలాగే ఎగిరెగిరి పడతాది బావా. లోడెట్టాల," అన్నాడు. పక్క వీధిలో ఇల్లు కడుతున్నచోట ఇసక అడిగి, గోనెసంచుల్లో నింపి, డిక్కీలోకి ఒక్కొక్కటీ ఎక్కించాం. సంచి పెట్టడం, కర్ర ఆనించి గీత చూడడం, ఇంకో సంచి. ఆ గోనెలు మా మిల్లులో నేసినవే అయి ఉంటాయని నేనన్నాను. వాడు నోరు మూసుకుని మొయ్యమన్నాడు. చివరి సంచి పడగానే సీటు గీతకి సరిగ్గా దిగింది.

మర్నాడు బయలుదేరాం. ఆ ప్రయాణం ఎలా ఉందంటే, హైవే మీద ఎన్ని అతుకులున్నాయో నా వెన్నుపూసలకి ఒక్కోటీ తెలుసు. వెనక నించి కిర్రు కిర్రుమని చప్పుడు. "అది రిషభం," అంది మా ఆవిడ, "ఫరవాలేదు, నిలకడగా ఉంది." మేస్టారి పాట ఆగుతూ సాగుతూ వచ్చింది. రణస్థలంలో నేను టీ వైపు చూడనైనా చూడలేదు. టీకొట్టు ఆవిడ మా బండి గుర్తుపట్టి గరిటె ఊపింది. నాగావళి వంతెన దాటి, సందు మొదట్లో ఆపాను. నా నడుం అప్పటికే నాది కాదు.

మా ఆవిడ తలుపు తీసింది. కాళ్ళు రెండూ బయట పెట్టింది. కర్ర ఆనించి లేచింది. నేను చెయ్యి చాపాను. ఆ చేతిలో వయొలిన్ పెట్టె పెట్టి ముందుకి నడిచింది.

గుమ్మంలో ఆ రెండో శిష్యురాలు నిలబడి ఉంది.

"అక్కా! వచ్చేసావేటి! నీకోసమని ఫోను సార్జింగెట్టి ఉంచాను."

"తీసెయ్యవే," అంది మా ఆవిడ. "కుర్చీ వెయ్యి."

నేను ముందు వరసలో కూర్చున్నాననీ, ఆవిడ కమాను ఎత్తగానే హాలంతా నావైపు తిరిగి చూసిందనీ, నా కళ్ళు చెమర్చాయనీ కొందరికి చెప్పాను. ముందు వరస కాదు, నేను హాల్లోనే లేను. బండి కింద ఏదో నల్లగా బొట్లు కారుతుంటే, సందులో గోనెపట్టా వేసుకుని వెల్లకిలా దూరి, పానా పళ్ళ మధ్య పెట్టుకుని, ఆ కారేదెక్కడా అని వెతుకుతున్నాను. మా బావమరిది నా కాళ్ళ దగ్గర గొంతుకూచుని, "కుడేపు సూడు బావా, కుడేపు" అంటున్నాడు. అప్పుడు లోపల్నించి మొదటి స్వరం వినబడింది. వాడు మాట ఆపేశాడు. నేను పానా తీసి గుండె మీద పెట్టుకుని, కీర్తన అయ్యేదాకా అలాగే పడుకున్నాను. బొట్లు ఒక్కోటీ నుదుటి మీద పడుతూనే ఉన్నాయి.

ఆ కారడం ఎక్కణ్ణించో ఇప్పటికీ తెలీలేదు.